తొంభయ్యో రోజు

నా థీసిస్‌లో ఆమె నలభై ఒకటో నంబరు.
పేరు రాయకూడదు, నియమం.
నాగూర్ బీ అని ఇక్కడ రాస్తున్నానంటే
అది అసలు పేరు కాదనే అనుకోండి.

గుంటూరు పెద్దాసుపత్రి. ఐసీయూలో కిటికీ పక్క మంచం.
వయసు ముప్పై ఎనిమిది.
సీడీ ఫోర్ ముప్పై నాలుగు.
అల్బుమిన్ రెండుకి లోపు.
ఊపిరి గొట్టంలోంచి.
అన్నీ కూడితే ఫార్ములా చెప్పింది:
ఇలాంటివాళ్లు వందమందిలో డెబ్బై తొమ్మిది మంది పోతారు.
వందలో, అంది. ఈమె పోతుందని అనలేదు.
ఆ తేడా మా గైడు గారు రెండుసార్లు చెప్పారు.
రెండుసార్లూ నాకు అర్థమైనట్టే ఉండింది.

మూడో రాత్రి మానిటరు వైరు ఊడి గీత సాపైపోతే
గ్లవుజు తీసి నాడి పట్టుకున్నాను.
ఉంది. సన్నగా, పరుగుగా.
నిద్రమత్తులో కన్ను నులుముకున్నాను
భగ్గుమంది.

మిరప ఘాటు!
పదహారేళ్లుగా కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసిన వేళ్లు.
మూడు రోజులుగా స్పిరిట్‌తో తుడుస్తున్నాం,
మనిషికి స్పృహ లేదు, వేళ్లకి కారం పోలేదు.
నీళ్లు కారుతున్న నా కన్ను చూసి
సిస్టర్ జ్ఞానసుందరి నవ్వింది:
"గుంటూర్లో ఉంటూ కళ్లు నులుముకుంటారా డాక్టర్ గారూ!"
ఈ ఘాటుకి నా షీటులో గడి లేదు.
ఉండాలని కూడా కాదు, ఊరికే చెప్తున్నాను.

మూడో మంచం మీద ఏటుకూరు రోడ్డు లారీ క్లీనరు,
ఇరవై నాలుగేళ్లు, నలభై రెండో నంబరు.
ఫార్ములా అతనికి పద్నాలుగే ఇచ్చింది.
గురువారం తెల్లారుజామున పోయాడు.
"పద్నాలుగులో ఎవరో ఒకరు ఉండాలిగా" అన్నారు గైడు గారు.
అని, ముందున్న టీ మీద మీగడ కట్టేదాకా
దాన్నే చూస్తూ కూర్చున్నారు.

పదకొండో రోజు ఆమె గొట్టం తీశాం.
బొంగురు గొంతుతో మొదటి మాట:
"మేస్త్రీ నా పేరు కొట్టేశాడా?"

తొంభయ్యో రోజున ఉన్నారా లేరా, అదీ నా ప్రశ్న.
ఫోను స్విచాఫ్.
స్కూటీ మీద నరసరావుపేట రోడ్డు పట్టాను.
షెడ్డు నిండా ఎర్రటి కుప్పలు,
కుప్పల చుట్టూ గుడ్డలు చుట్టుకున్న నలభై ముఖాలు.
కళ్లు తప్ప ఏమీ కనపడవు.
నేను వెతకలేదు, తనే లేచింది.
అందరికీ వినపడేట్టు,
"డ్వాక్రా మేడమే, లోను సంగతి!"

టిక్కీల చాటుకి తీసికెళ్లి గొంతు తగ్గించింది.
"మందులు మానలేదమ్మా. తెనాలి పోయి తెచ్చుకుంటన్నా.
ఇక్కడ లైన్లో మా వాళ్లుంటారు."
కాసేపాగి,
"మీ పుస్తకంలో నేను దొరకలేదని రాసుకోండి."
లెక్క తప్పుతుందన్నాను.
"దొరికానని రాస్తే మళ్లీ వస్తారుగా" అంది.
దానికి నా దగ్గర జవాబు లేదు.
దగ్గొచ్చింది, ఇద్దరికీ.
ఆమెది జబ్బు దగ్గో, షెడ్డు దగ్గో
స్టెతస్కోపు లేకుండా ఎట్లా చెప్పను,
డ్వాక్రా మేడాన్ని కదా.
వెళ్లొస్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

రాత్రి హాస్టల్లో షీటు తెరిచాను.
ఒకటి అంటే బతికుంది.
సున్నా అంటే లేదు.
తొమ్మిది అంటే జాడ తెలియదు.
కింది వరుసలో క్లీనరు సున్నా ఎప్పుడో కూర్చుంది.
పై గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
తొమ్మిది కొట్టాను. చెరిపాను.
ఒకటి కొట్టి
పక్క గడిలో రాశాను: మళ్లీ వెళ్లకూడదు.

సేవ్ చేసి
అలవాటుగా కంటి మీదికి పోతున్న చేతిని
సగంలో ఆపుకున్నాను.